చూడ్డానికి వచ్చినావిడ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. బహుశా వాళ్ళకి ఆ అవసరం రాలేదేమో. వచ్చి ఉంటే, ఆ ఉదయం మేస్త్రీ గారి ఇంట్లో జరుగుతున్న హడావిడి చూసి ఆ మాట కూడా తప్పకుండా చేర్చేవాళ్ళు.

కూతురు హాల్లో నిచ్చెనెక్కి బల్బులు మారుస్తోంది. తల్లి కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది. తండ్రి తన చెప్పులు కనబడక ఇల్లంతా తిరుగుతున్నాడు.

"నా చెప్పులేవే?"

"మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి నాన్నా."

"చెప్పుల్ని పెట్టెలో పెట్టి దాచుకునే రోజులొచ్చాయా?"

"గుమ్మంలోకి రాగానే అరిగిపోయిన చెప్పులు కనబడితే ఇల్లు కూడా అరిగిపోయిందనుకుంటారు."

"మరి నా కాళ్ళు కనబడొచ్చా?"

"అవీ కనబడకూడదు. అందుకే నిన్ను బయటికి పంపిస్తున్నాను. మధ్యాహ్నం భోజనం దాకా ఈ ఛాయలకి రాకు."

కూతురి ఉద్యోగమే అది. అమ్మకానికి పెట్టిన ఇళ్ళని కొనేవాళ్ళు ముచ్చటపడేలా సర్ది చూపించడం. ఎవరి ఇంట్లో ఏ సామాను ఎక్కువైందో గుమ్మంలో నిలబడి చెప్పేస్తుంది. "ఇంట్లో మనుషులున్నట్టు ఉండాలి, కానీ ఎవరున్నారో తెలియకూడదు" అన్నది ఆ పిల్ల సూత్రం. ఆ లెక్కన గోడల మీది ఫోటోలు పెట్టెల్లోకి పోయాయి. మందుల సీసాలు బీరువా వెనక్కి పోయాయి. సోఫా మీదికి తెల్లటి దిండ్లు వచ్చాయి. వాటి మీద కూర్చోవడానికి ఇంట్లోవాళ్ళకి అనుమతి లేదు.

మేస్త్రీని పంపించెయ్యడానికి వేరే కారణం కూడా ఉంది. క్రితం వారం ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చి, బాత్రూం బాగుందని మెచ్చుకున్నాడు. మేస్త్రీ వెంటనే, "ఏం బాగండీ, వాలు సరిగ్గా రాలేదు, నీళ్ళు మూలకి చేరతాయి. కట్టింది నేనే, నాకు తెలీదా" అన్నాడు. ఆయన మళ్ళీ ఫోను చెయ్యలేదు. జీవితమంతా ఇళ్ళు కట్టిన మనిషికి గోడ గురించి అబద్ధం చెప్పడం చేతకాదని కూతురు తల పట్టుకుంది. అందులో ఎంత నిజముందో అప్పటికి ఆ పిల్లకి తెలియదు.

మేస్త్రీ భార్యని వీధిలో అందరూ లైటమ్మ అంటారు. పిల్లలు పెట్టిన పేరది, పెద్దవాళ్ళకీ అలవాటైపోయింది. పట్టపగలు వంటింట్లోంచి, "ఎవరే లైటార్పింది!" అని కేక వినిపిస్తే టైము పదకొండయినట్టు లెక్క. ఆ వంటింటికి కిటికీ లేదు. ఎండ నడినెత్తిన ఉన్నా లైటు వేస్తేగాని ఉప్పుడబ్బా ఏదో, పంచదార డబ్బా ఏదో తెలియదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆవిడ కిటికీ అడిగింది. "ఆ గోడ మీదే పైకప్పు బరువంతా ఉంది, కిటికీ పెడితే ఇల్లు కూలిపోతుంది" అన్నాడు మేస్త్రీ. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే చెప్పాడు. ఊళ్ళో సగం కిటికీలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. పెరటి చెట్టు మందుకి పనికిరాదని సరిపెట్టుకుని ఆవిడ అడగడం మానేసింది.

కూతురుండే వీధిలో ఒక ఫ్లాటు చూశారు. వంటింట్లో స్టవ్వు పక్కనే నిలువెత్తు కిటికీ. లైటమ్మ వెళ్ళి అక్కడ నిలబడింది. "ఇక్కడ కూరగాయల రంగు కనబడుతుందే" అంది. ఆ ఒక్క మాటతో ఇల్లు అమ్మడం ఖాయమైపోయింది. ఈ నెలాఖర్లోగా ఈ ఇల్లు అమ్ముడైతేనే ఆ ఫ్లాటు వీళ్ళది. లేకపోతే వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

చిత్రమేమిటంటే, ఈ ఇల్లు అమ్ముడవకపోవడానికి కారణం కూడా ఆ వంటిల్లే. వచ్చినవాళ్ళు హాలు చూసి ఆహా అంటారు, పడగ్గది చూసి ఓహో అంటారు, వంటింటి గుమ్మంలో మాత్రం ఆగిపోతారు. కూతురు తెల్లరంగు వేయించింది. మూడు బల్బులు పెట్టించింది. గోడకున్న అరలు తీయించి అక్కడ పెద్ద అద్దం బిగించింది. ఆ ఉదయం వచ్చిన కుర్ర జంట కూడా అద్దంలో జుట్టు సర్దుకుని, "కొంచెం చీకటిగా ఉంది కదండీ" అన్నారు.

వాళ్ళని గేటు దాకా సాగనంపుతూ కూతురు ఇంకా ఏదో నచ్చజెబుతోంది. లైటమ్మ నిట్టూర్చి లోపలికి తిరగబోయింది. గుమ్మం ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. డెబ్బైకి దగ్గర పడిన వయసు, నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచీ.

"ఇల్లు చూడ్డానికి వచ్చాను," అంది ఆవిడ.

"రండి రండి."

"లోపలికి రావచ్చా?"

"భలేవారే, చూడ్డానికి వచ్చి బయట నిలబడితే ఏం కనబడుతుంది?"

"రావచ్చు కదా?" అని ఆవిడ మళ్ళీ అడిగింది.

ఇంతమంది వచ్చారుగాని రెండోసారి అడిగినవాళ్ళు లేరు. లైటమ్మ నవ్వి చెయ్యి చాపింది. పెద్దావిడ చెప్పులు విడిచి, గడప తగలకుండా కాలు బాగా ఎత్తి లోపలికి వచ్చింది.

కూతురు నేర్పిన పాఠం లైటమ్మ మొదలుపెట్టింది. "ఇది హాలండీ, పొద్దుటెండ బాగా వస్తుంది. ఈ బీరువాలు గోడలో కలిపి కట్టినవి, చెద పట్టవు..." పెద్దావిడ తలూపుతోంది గాని దిండ్ల వంక చూడలేదు, బీరువాల వంక చూడలేదు. వంటిల్లు ఎటు అని అడగకుండానే నేరుగా అటు నడిచింది. దారిలో నడవలో ఒక చిన్న మెట్టు ఉంది. కొత్తవాళ్ళందరూ అక్కడ తడబడతారు. ఈవిడ దాన్ని చూడకుండానే దిగింది.

వంటింట్లో అద్దం ముందు నిలబడింది. తన మొహం చూసుకోలేదు. అద్దం పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఇక్కడ కిటికీ ఉండాలే," అంది.

"లేదండీ. ఈ గోడకి కిటికీ పెడితే ఇల్లు కూలిపోతుంది. మా వారు మేస్త్రీ, ఆయనే చెప్పారు."

"కూలిపోతుందన్నాడా?"

లైటమ్మకి చురుక్కుమంది. ముక్కూమొహం తెలియని మనిషి తన భర్తని పట్టుకుని అన్నాడా అంటుందేమిటి? కానీ ఆవిడ అన్న తీరులో చిన్నచూపు లేదు. జబ్బుచేసిన పిల్లాడి సంగతి అడిగినట్టు అడిగింది.

"పాపం," అని ఆవిడే మళ్ళీ అంది. "మీ అత్తగారు ఎక్కడ నిలబడి వండేవారు?"

"నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ పోయారండీ. నేను చూడలేదు."

"అవును కదూ," అని పెద్దావిడ గోడ మీంచి చెయ్యి తీసింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఇల్లు ఎంత చెబుతున్నారని అడగలేదు. గేటు దగ్గర కూతురు అలవాటు ప్రకారం ఫోను నంబరు అడిగితే మాత్రం ఇచ్చింది. కొంతసేపు ఆ పిల్ల మొహం వంకే చూసి, చెంప మీద చెయ్యి వేసి వెళ్ళింది.

"ఎవరే ఆవిడ?" అంది లైటమ్మ.

"తెలీదమ్మా. మనవరాలు ఫోన్లో మన ఇంటి ఫోటోలు చూపించిందట. వంటింటి ఫోటో చూసి వచ్చిందట. ఆ ఫోటో చూసి పారిపోయినవాళ్ళున్నారు గాని వచ్చినావిడ ఈవిడొక్కతే."

లైటమ్మకి కాలు నిలవలేదు. నడవలోని మెట్టు ఆవిడకి ఎలా తెలుసు? అత్తగారు లేరంటే అవును కదూ అంటుందేమిటి? అద్దం వెనక గోడని వేళ్ళతో కొట్టి చూసింది. ఒక గోడ ఎలా మోగాలో ఆవిడకేం తెలుసు, అయినా కొట్టింది. తర్వాత ఏదో తోచినట్టు పెరట్లోకి వెళ్ళి, ఇంటి పక్క సందుకున్న రేకు తలుపు లాగింది. వీధిలోంచీ పెరట్లోంచీ దారి ఉన్న ఇరుకు సందు అది. గొట్టం పగిలినప్పుడు పనివాడు దూరడం తప్పిస్తే అటు ఎవరూ పోరు.

"అమ్మా, ఇరుక్కుపోతావే! నిన్ను బయటికి లాగాలంటే గోడ పగలగొట్టాలి," అంది కూతురు.

"అందుకే నీకు తెలిసిన మేస్త్రీ ఉన్నాడుగా," అని లైటమ్మ అడ్డంగా తిరిగి లోపలికి నడిచింది.

సరిగ్గా వంటింటి వెనక ఆగింది. నున్నటి గోడ. కానీ నడుమెత్తున ఒక రాతిపలక జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని పైన, తల కంటే ఎత్తున, ఇంకో అంచు. రెంటికీ మధ్య పూత చుట్టుపక్కల కంటే కొంచెం లోపలికి ఉంది. ఏమీ లేని గోడకి ఎవరైనా కిటికీ గట్టు కడతారా? లైటమ్మ ఆ రాతి మీద మోచెయ్యి ఆనించింది. మనిషి నిలబడి తీరిగ్గా కబుర్లు చెప్పుకోవడానికి సరిపోయే ఎత్తు.

మేస్త్రీ భోజనం వేళకి వచ్చాడు. వచ్చీ రావడంతోనే, "ఏమన్నారు మీ పార్టీ?" అని కూర్చున్నాడు. లైటమ్మ కంచం పెట్టలేదు. ఎదురుగా కూర్చుంది.

"సందులో ఆ రాతి గట్టు ఎందుకండీ?"

"ఏ గట్టు?"

"వంటింటి గోడకి."

"ఓ, అదా. వాన నీళ్ళు గోడకి పట్టకుండా జారిపోవడానికి."

"కిటికీ లేని చోట జారిపోవాల్సినంత నీళ్ళేమున్నాయి నాన్నా?" అంది కూతురు. పది ఇళ్ళు తిరిగిన పిల్ల, దానికా మాత్రం తెలుసు.

మేస్త్రీ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. లైటమ్మ పొద్దున జరిగిందంతా చెప్పింది. రెండుసార్లు అడిగి లోపలికి రావడం, మెట్టు దిగడం, గోడ మీద చెయ్యి వెయ్యడం. చెబుతున్న కొద్దీ ఆయన మొహం వంకే చూస్తోంది. ఆయన తేలు కుట్టిన దొంగలా విన్నాడు. చివరికి గ్లాసు కింద పెట్టకుండానే ఒక మాట అడిగాడు.

"ఆవిడకి గడ్డం కింద మచ్చ ఉందా?"

"ఉంది."

"నేను చేసిన మచ్చే. నన్ను ఎత్తుకుని పరుగెత్తుతూ పడింది. నాకు దెబ్బ తగలకూడదని తన మొహం రాయికేసి పెట్టింది."

కూతురు తెల్ల దిండ్ల సంగతి మర్చిపోయి సోఫాలో కూలబడింది. "నాన్నా, ఆవిడ నాకు మేనత్తా?"

లైటమ్మకి ఒక ఆడపడుచు ఉందని తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఎవరో అన్నారు. భర్తని అడిగితే "రాకపోకలు లేవు" అన్నాడు. మామగారిని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన పోయాక అడగాలన్న ధ్యాస ఆవిడకి లేదు.

మేస్త్రీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం గ్లాసు వదల్లేదు.

"అక్క తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది. ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు మా నాన్న. అక్క తొక్కలేదు. ఆయన పనికి వెళ్ళాక సందులోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడేది. అమ్మ లోపల వండుతూ మాట్లాడేది. అక్క చంటిపిల్లని కూడా అక్కణ్ణించే చూపించింది. గోడలకి చెవులుంటాయంటారు, మా నాన్నకి తెలిసిపోయింది. నేనప్పుడే ఆయన దగ్గర మేస్త్రీ పని నేర్చుకున్నాను. ఏదీ, నేర్చుకున్నది చూపించు అన్నాడు. ఇటుకలు ఆయనే మోసుకొచ్చి పడేశాడు."

"మీరు కట్టారా?" అంది లైటమ్మ.

"నేను ఒక్కణ్ణీ కట్టిన మొదటి గోడ అదే. పై వరస పెడుతుంటే అక్క వచ్చింది. నన్ను ఏమీ అనలేదు. ఇంకా మూయని ఖాళీలోంచి అమ్మని ఏదో అడిగింది. అమ్మ నా వెనక నిలబడి జవాబు చెప్పింది. నేను ఆఖరి ఇటుక పెట్టేశాను."

"ఏం చెప్పారు అత్తయ్య గారు?"

"అది నీతో చెప్పే మాట కాదు. చెప్పాల్సిన మనిషి వేరే ఉంది." ఆయన తల వంచుకున్నాడు. "ఆ తర్వాత అమ్మ ఎక్కువ రోజులు బతకలేదు. నాన్న పోయాకైనా వెళ్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నువ్వు కిటికీ అడిగినప్పుడల్లా నా గుండె గుభేలుమనేది. తెరిస్తే ఎందుకు మూశావని అడుగుతావు. అందుకని కూలిపోతుందని చెప్పాను."

లైటమ్మకి ఏడుపు వస్తోంది, కోపం అంతకంటే ఎక్కువ వస్తోంది.

"నాకు కిటికీ లేకపోతే పోయింది," అంది. "మీరు మేస్త్రీ గనక మీ మాట నమ్మాను. అదలా ఉంచండి. ఆవిడ ఇవాళ గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. పుట్టి పెరిగిన ఇల్లు. నేను ఆవిడకి చెదపట్టని బీరువాలు చూపించాను! అమ్మకానికి పెట్టిన ఇల్లు ఎవరైనా చూడొచ్చు గనక వచ్చింది. లేకపోతే ఆవిడని రానిచ్చేవాళ్ళే లేరు కదండీ ఈ ఇంట్లో."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇల్లు అమ్ముతామో లేదో తర్వాత చూద్దాం," అంది ఆవిడ లేచి కంచాలు తెస్తూ. "ముందు ఆ కిటికీ తియ్యండి. కూలిపోతే ముగ్గురం కలిసే పోదాం."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ అటక మీంచి సుత్తి, ఉలి దింపాడు. కూతురు అద్దం విప్పించి, హాల్లో దిండ్లన్నిటికీ దుప్పట్లు కప్పింది. "అమ్మే ఇంట్లో గోడలు పగలగొట్టిన మొదటి కుటుంబం మనదే. మా ఆఫీసులో తెలిస్తే నన్ను పీకేస్తారు," అని గొణుగుతూనే తట్టలు అందించింది. నోరు ఒకటి అంటుంటే చెయ్యి ఇంకొకటి చెయ్యడం ఆ పిల్లకి తల్లి నుంచి వచ్చింది.

మేస్త్రీ ముందు పూత రాలగొట్టాడు. ఇటుకల వరసలు బయటపడ్డాయి. ఒకచోట వంకర, ఒకచోట సున్నం ఎక్కువ.

"ఎంత దరిద్రంగా కట్టానో చూడు," అన్నాడు.

"చెయ్యి వణికి ఉంటుంది నాన్నా," అంది కూతురు మెల్లిగా.

ఆయన పై వరస దగ్గర ఉలి పెట్టాడు. ఆఖరున పెట్టిన ఇటుకని మొదట తీశాడు. దాన్ని తట్టలో పడెయ్యకుండా పక్కన జాగ్రత్తగా పెట్టాడు. ఆ ఖాళీలోంచి వెలుతురు పలకలా వచ్చి స్టవ్వు మీద పడింది. ఇంకో ఇటుక, ఇంకో ఇటుక. మధ్యాహ్నానికి గోడలో చదరంగా ఆకాశం కనబడింది.

లైటమ్మ వంటిల్లు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. నల్లగా ఉందనుకున్న కూజా ముదురాకుపచ్చ. తెల్లటిదనుకున్న గచ్చు మీద సన్నటి ఎర్ర గీతలున్నాయి. పైకప్పు మూల సాలెగూడు చూసి నాలిక్కరుచుకుంది. గోడ మీద స్విచ్చు నొక్కి, లైటు ఆర్పేసింది. ఏమీ తేడా రాలేదు. అప్పుడు ఏడ్చింది.

"కూలలేదు కదండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"పైన అడ్డదూలం నాన్న వేసిందే. ఏనుగు ఎక్కినా కూలదు," అన్నాడు మేస్త్రీ. ఇల్లు కట్టినవాడి మీద కోపం ఉండొచ్చుగాని కట్టడం మీద అబద్ధం ఇక చెప్పలేకపోయాడు.

కూతురు పెరట్లోకి వెళ్ళి నిన్నటి నంబరుకి ఫోను చేసింది. అత్తా అని పిలవాలని నోటి దాకా వచ్చింది. ఆ పిలుపు మొదట తనది కాదనిపించి ఆగింది. "అమ్మా, నిన్న ఇల్లు చూశారు కదా. వంటింట్లో చిన్న మార్పు చేశాం. మీరు మళ్ళీ ఒకసారి చూస్తే బాగుంటుంది," అంది. అటునుంచి, "వస్తాను" అన్న మాట వచ్చింది.

సాయంత్రం ముగ్గురూ వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. లైటమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. సందులో వీధి వైపు రేకు తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు. కిటికీ చదరంలో నెరిసిన తల కనబడింది. ఆవిడ రాతి గట్టు మీది ఇటుక పొడిని అరచేత్తో తుడిచి, మోచెయ్యి ఆనించి నిలబడింది.

"వదినా," అంది లైటమ్మ. పొయ్యి మీద గిన్నె వదిలేసి కిటికీ దగ్గరికి వచ్చింది. "అక్కడెందుకు, ఇంట్లోకి రండి. నిన్న తెలియక..."

"వస్తానమ్మా మరదలా. కాస్సేపు ఇక్కడ నిలబడనీ. ఇక్కడ అమ్మతో ఒక మాట సగంలో ఉండిపోయింది."

హాల్లోంచి మేస్త్రీ వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. లైటమ్మ పక్కకి తప్పుకుంది. అక్కాతమ్ముళ్ళు ఒకరి నెరిసిన తల ఒకరు చూసుకున్నారు.

"ముసలాడివైపోయావురా," అంది అక్క.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు నువ్వు అమ్మని అడిగావు. పిల్ల రాత్రంతా ఏడుస్తోందమ్మా, ఏం చెయ్యమంటావు అని."

"అడిగాను. అమ్మ ఏదో అంది. నాకు వినబడలేదు. అవతల ఇటుక పడింది." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. "ఆ పిల్లకి ఇప్పుడు ఎదిగిన పిల్లలున్నారులే. అయినా అమ్మ ఏం చెప్పిందోనని అప్పుడప్పుడూ అనుకుంటాను. నిన్న గోడ మీద చెయ్యి వేసింది అందుకే. పిచ్చి కాకపోతే గోడ చెబుతుందా?"

"నాకు వినబడింది అక్కా."

ఆవిడ మోచెయ్యి తీసి నిటారుగా నిలబడింది.

"ఎడమ భుజం మీద వేసుకుని మెల్లిగా తిరగవే అంది. నీ గుండె చప్పుడు వింటే నిద్రపోతుంది అంది." మేస్త్రీ రెండు చేతులతో రాతి గట్టు పట్టుకున్నాడు. "నీ తమ్ముణ్ణి నువ్వు అలాగే మోసి పెంచావు కదే, మర్చిపోయావా అంది. నేను అప్పుడు ఇటుక చేత్తో పట్టుకుని ఉన్నాను అక్కా. విన్నాను. విని కూడా పెట్టేశాను."

ఆయన ఏడ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు ఆయన ఏడవడం చూడలేదు. అక్క కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపి ఆయన తల మీద పెట్టింది. ఇటుక పొడి పట్టిన జుట్టు.

"మర్చిపోలేదురా," అంది. "అలాగే తిప్పాను దాన్ని. నాకు వేరే ఎలా చేతనవును? నా భుజానికి అలవాటైంది నీ బరువే కదా."

లైటమ్మ ముక్కు ఎగబీలుస్తూ పొయ్యి కట్టేసింది. టీ పొంగిపోయి ఉంది. కూతురు మాత్రం ఎవరికీ చెప్పకుండా వీధిలోకి వెళ్ళి, గేటుకి కట్టిన 'ఇల్లు అమ్మబడును' బోర్డు విప్పింది. దాన్ని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. ఇవాళ్టికి చాలు, కావాలంటే రేపు మళ్ళీ కట్టొచ్చు అనుకుంది.

సందు చుట్టూ తిరిగి పెద్దావిడ వీధి గుమ్మం ముందుకి వచ్చింది. అక్కడ అలవాటుగా ఆగింది. లైటమ్మ ఎదురొచ్చింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, అయినా నిన్నటి పాఠం గుర్తొచ్చి నవ్వు ఆగలేదు.

"ఇల్లు చూడ్డానికి వచ్చారా అండీ?"

"కాదమ్మా," అంది ఆవిడ గడప మీద కాలు పెట్టి. "మా తమ్ముడింటికి వచ్చాను."